ఆరడుగుల పెట్టె, మూడు మిల్లీమీటర్ల అంచు

ఏప్రిల్ 27, ఆదివారం

బెంగళూరు నుంచి వేసవి సెలవులకు వచ్చిన మా మనవరాలు ఈసారి బట్టల సంచీతో పాటు ఒక స్కేట్‌బోర్డును కూడా చంకన పెట్టుకుని రైలు దిగింది. విజయవాడ సింగ్‌నగర్‌లో మాది పాత ఇల్లు. వెనక పెరట్లో 30 అడుగుల పొడవున సిమెంటు గచ్చు ఉంది కాబట్టి పిల్లకు కావలసిన మైదానం ఇంట్లోనే దొరికింది. మూడో రోజు పొద్దున్నే "తాతయ్యా, నాకొక బాక్స్ చేసిపెట్టవా?" అని అడిగితే, సామాను సర్దుకోవడానికేమో అనుకుని అటక మీద ట్రంకు పెట్టె ఉందని చెప్పాను. పడీపడీ నవ్వి, ఫోనులో బొమ్మ చూపించింది. నేల మీద అరుగులా కూర్చునే పొడవాటి చెక్కపెట్టె, దాని పై అంచులకు ఎల్ ఆకారపు ఇనుప పట్టీ, అంటే యాంగిల్. బోర్డుతో సహా ఎగిరి ఆ అంచు మీదికి ఎక్కి, బోర్డు కింద ఇరుసులను మోసే లోహపు దిమ్మెలను ఆ ఇనుము మీద రాపాడిస్తూ చివరిదాకా జారి, మళ్లీ నేల మీదికి దిగాలి. ఆ జారడాన్ని గ్రైండ్ అంటారట. దిమ్మెలను ట్రక్కులు అంటారట.

ఊళ్లలోని అరుగులు, మెట్లు, రెయిలింగుల మీద పిల్లలు ఆడుకున్న ఆటే ఇప్పుడు స్ట్రీట్ అనే విభాగంగా ఒలింపిక్స్ దాకా వెళ్లింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్‌ను మొదటిసారి చేర్చినప్పుడు, మహిళల స్ట్రీట్ విభాగంలో బంగారు పతకం గెలిచిన జపాన్ అమ్మాయి మోమిజి నిషియా వయసు 13 ఏళ్లు. మా పిల్లకూ ఇప్పుడు అదే వయసు కనుక ఆ సంగతి రోజుకు రెండుసార్లు వినవలసి వస్తోంది.

నేను ఐటీఐలో ఫిట్టరు బోధకుడిగా పనిచేసి విరమించినవాణ్ని. ఇనుముతో పరిచయం ఎక్కువ, చెక్కతో తక్కువ, ఈ ఆటతో అసలు లేదు. అందుకని ముందు కొలత తీసుకుందామన్నాను. పెట్టె ఎంత ఎత్తు ఉండాలన్నది పిల్ల ఎంత ఎత్తు ఎగరగలదన్న దాన్నిబట్టి ఉంటుంది. చేతితో పట్టుకోకుండా, బోర్డు తోకను నేలకు తన్ని పాదంతో పైకి లాక్కుంటూ ఎగరడాన్ని ఆలీ అంటారని చెప్పగానే మా ఆవిడ, "ఏ ఆలీ, సినిమాల్లో ఆలీయా?" అని అడిగింది. కాదు, 1970ల చివర్లో అమెరికాలోని ఫ్లోరిడాలో దాన్ని కనిపెట్టిన అలన్ గెల్ఫాండ్ అనే కుర్రవాడి ముద్దుపేరు అది.

పెరట్లో మిగిలిన ఇటుకలను రెండు దొంతరలుగా పేర్చి, పైన చీపురు కర్ర అడ్డంగా పెట్టి ఎగరమన్నాను. మా ఇటుక మందం 3 అంగుళాలు. ఒక ఇటుక ఎత్తును పదికి పదిసార్లూ దాటింది. రెండు ఇటుకల ఎత్తును పదింట ఆరుసార్లు దాటింది. మూడు పెట్టినప్పుడు ప్రతిసారీ కర్ర ఎగిరి కరివేపాకు చెట్టులో పడింది. కాబట్టి పెట్టె ఎత్తు 6 అంగుళాలు. తరువాత అవసరమైతే కింద పెట్టుకోవడానికి 3 అంగుళాల పీట ఒకటి విడిగా చేస్తే, పెట్టె 9 అంగుళాలు అవుతుంది. పొడవు 6 అడుగులు, వెడల్పు 16 అంగుళాలు అని ఇద్దరం ఒప్పుకున్నాం.

ఏప్రిల్ 30, బుధవారం

ప్లైవుడ్ కొనడానికి వెళ్లేముందే నాకు ఒక విషయంలో గట్టి అభిప్రాయం ఉంది. కిందటి సెప్టెంబరులో బుడమేరు పొంగి మా వీధిలో నీరు రోజుల తరబడి నిలిచినప్పుడు, ఇంట్లోని రెండు బీరువాల ప్లైవుడ్ పొరలు పొరలుగా విచ్చుకుని తడిసిన అట్టముక్కలా ఉబ్బిపోయింది. అదే నీటిలో అన్ని రోజులూ నానిన వంటింటి గట్టు కింది అల్మరా మాత్రం ఆరబెట్టాక బురద మరకలతో సహా నిలబడింది. మొదటిది తేమను కాస్త ఓర్చుకునే రకం, అంటే ఎంఆర్ గ్రేడు. రెండోది మరిగే నీటిని కూడా తట్టుకోవలసిన బీడబ్ల్యూపీ గ్రేడు. పొరల మధ్య వాడే జిగురులోనే ఈ తేడా అంతా ఉంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 710 ప్రకారం ఈ రెండో రకం ముక్కను 72 గంటలు నీటిలో ఉడికించినా పొరలు విడిపోకూడదు. పెరట్లో ఉండబోయే పెట్టెకు ఇంతకన్నా తక్కువది వద్దనుకున్నాను.

కొండపల్లి ఇక్కడికి దగ్గరే కదా, బొమ్మలు చేసే ఆ కర్ర వాడకూడదా అని పిల్ల అడిగింది. మంచి ప్రశ్నే. అయితే ఆ బొమ్మలకు వాడే తెల్ల పొణికి తేలిగ్గా, మెత్తగా ఉంటుంది కనుకనే ఉలికి అంత చక్కగా లొంగుతుంది. ఆ బొమ్మల చేతులూ తలపాగాలూ చింతగింజల జిగురుతో అతికి నిలుస్తాయి. బోర్డు చక్రాల కింద మాత్రం ఆ కర్ర ఒక్క పూటలో సొట్టలు పడిపోతుంది.

8 అడుగులకు 4 అడుగుల షీటు ఒకటి, చదరపు అడుగు 105 రూపాయల లెక్కన 3,360 రూపాయలకు తీసుకున్నాం. దుకాణంలో అడిగి ఒక నమూనా ముక్కను ఇంటికి తెచ్చి గిన్నెలో వేసి మూడు గంటలు ఉడికించాను. 72 గంటలు ఉడికించే గ్యాసు నా దగ్గర లేదు, అంతసేపు వంటింట్లో నిలబడే ధైర్యమూ లేదు. "పప్పు ఉడకాల్సిన పొయ్యి మీద చెక్క ఉడకబెడతారా?" అని మా ఆవిడ అన్నదాంట్లో న్యాయం ఉంది. ముక్క అంచున గోరు పెట్టి లాగితే ఏ పొరా కదల్లేదు.

మే 2, శుక్రవారం

కాగితం మీద వేసుకున్న కోత లెక్క ఇది. షీటు వెడల్పు 48 అంగుళాలు. అందులో పైపలకకు 16, పక్క పలకలు రెండింటికి 5¼ చొప్పున, పీట పక్కలు రెండింటికి 3 చొప్పున, మొత్తం 32½ అంగుళాలు. ఒక్కో కోతకు రంపం తినేసే 3 మిల్లీమీటర్లను ఐదుసార్లు కలుపుకుంటే 33 అంగుళాలు దాటుతుంది. మిగిలిన 15 అంగుళాలకు కాస్త తక్కువైన పట్టీలోంచి అడ్డపలకలు వస్తాయి. రెండు చివర్లకు రెండు, లోపల నాలుగు కలిపి పెట్టెకు ఆరు. వాటి మధ్య దూరం 14 అంగుళాలకు కాస్త ఎక్కువ. అంతకంటే దూరంగా ఉంటే, ఎగిరి దిగినప్పుడు పైపలక స్ప్రింగులా ఊగుతుందని నా అనుమానం. ఊగే పలక మీద బోర్డు నిలవదని పిల్ల నమ్మకం.

కోతకు మా వీధి చివరి వడ్రంగి మేస్త్రి దగ్గరికి వెళ్లాం. ఆయన దగ్గర బల్లకు బిగించిన కోత మిషన్ ఉంది. చేతి రంపంతో ఆరడుగులు తిన్నగా కోయడం నా వల్ల అయ్యే పని కాదు. "ఏం చేస్తున్నారు మాస్టారూ, పెళ్లిపీటా?" అని అడిగి, నేను చెప్పింది విని, కాసేపు పిల్ల వంకా నా వంకా చూసి, ఇంకేమీ అనకుండా మిషన్ వేశాడు. అరగంటలో పని అయిపోయింది.

ఇంటికి వచ్చి ముక్కలన్నీ గచ్చు మీద నిలబెట్టి కలిపి చూస్తే, పైపలక రెండు పక్కలా మిల్లీమీటరు చొప్పున బయటికి పొడుచుకుని వచ్చింది. ఎక్కడ తప్పాను? దుకాణంలో నేను అడిగింది ముప్పావు అంగుళం ప్లై. ముప్పావు అంగుళం అంటే 19 మిల్లీమీటర్లు అని లెక్క వేసి, 16 అంగుళాల్లోంచి రెండు మందాలు తీసేసి అడ్డపలకల పొడవు 14½ అంగుళాలు రాసుకున్నాను. వాళ్లు ఇచ్చింది 18 మిల్లీమీటర్ల షీటు. బజారులో రెండింటినీ ముప్పావు అనే అంటారు, షీటు మీద అచ్చు కూడా 18 అనే ఉంది, చదవనిది నేనే. వెర్నియర్ కాలిపర్ ఇంట్లో సొరుగులో పెట్టుకుని, కొలవకుండా కోయించినందుకు నా పాత విద్యార్థులెవరూ చూడలేదు కదా అనుకున్నాను.

రెండు మిల్లీమీటర్లే కదా అని వదిలేయవచ్చు. మేస్త్రులు నూలు అనే అంగుళంలో ఎనిమిదో వంతు కన్నా కూడా అది తక్కువ. కానీ పైపలక బయటికి పొడుచుకుని ఉంటే, యాంగిల్ నిలువు రెక్క పక్క పలకకు ఆనకుండా గాలిలో నిలుస్తుంది. అలా ఖాళీగా ఉన్న ఇనుము దెబ్బ తగిలిన ప్రతిసారీ వంగి స్క్రూలను పీకేస్తుంది. పలకను మళ్లీ మేస్త్రి దగ్గరికి మోసుకెళ్లి, ఒక పక్క రెండు మిల్లీమీటర్లు చిత్రిక పట్టించాను. పెట్టె వెడల్పు ఇప్పుడు 404 మిల్లీమీటర్లు. 16 అంగుళాలు అని ఇంకెవరికీ చెప్పను.

మే 4, ఆదివారం

బిగింపు. మధ్యాహ్నం పెట్టుకోవడం పొరపాటైంది. ఈ ఎండకు ఫెవికాల్ రాసిన పది నిమిషాల్లోనే పైన మీగడ కడుతోంది. రెండో పక్క రాసే సరికి మొదటి పక్క ఆరిపోతోంది. సాయంత్రం ఆరు దాటాక ఒక్కో అడ్డపలకకు విడివిడిగా రాసి, మూలమట్టంతో చూసుకుంటూ బిగిస్తే సాఫీగా సాగింది.

స్క్రూల విషయంలో ఇంకో దెబ్బ తగిలింది. ఇంట్లో ఫాల్స్ సీలింగు వేసినప్పుడు మిగిలిన నల్లటి జిప్సం స్క్రూలు డబ్బాడు ఉన్నాయని వాటినే వాడాను. మూడో అడ్డపలక దగ్గర ఒక స్క్రూ చివరి చుట్టులో "టిక్" మని తల ఊడి చేతిలోకి వచ్చింది. ఇంకో రెండు కూడా అలాగే తెగాయి. తెగిన చోటు చూస్తే మెలికపడి సాగిన గుర్తు లేదు, చాక్‌పీసు విరిగినట్టు గరుకుగా, బూడిద రంగులో ఉంది. అవి గట్టిపరచిన ఉక్కు. అట్టలాంటి జిప్సం బోర్డును పట్టి ఉంచడానికి సరిపోతాయి కానీ, అడ్డంగా పడే దెబ్బకు వంగకుండా విరిగిపోతాయి. రోజుకు వందసార్లు దెబ్బ తినబోయే పెట్టెలో వాటికి చోటు లేదు. అన్నీ విప్పి, 8వ నంబరు స్టెయిన్‌లెస్ చెక్క స్క్రూలు ఒకటిన్నర అంగుళంవి తెచ్చి, మూడు మిల్లీమీటర్ల బిట్టుతో ముందు రంధ్రం వేసుకుని బిగించాం. ముందు రంధ్రం వేయకపోతే ప్లై అంచు పొరల మధ్య చీలుతుంది. విరిగిన మూడు ముక్కలూ పెట్టెలోనే ఉండిపోయాయి, బయటికి తీయడానికి లొంగలేదు.

మే 8, గురువారం

ఆటోనగర్. ఉద్యోగం చేసిన రోజుల్లో వారానికోసారైనా వెళ్లేవాణ్ని. లారీ బాడీలు కట్టే చోట పడే సుత్తి దెబ్బలు వింటే ఇప్పటికీ ఒళ్లు కాస్త హుషారవుతుంది. మాకు కావలసింది 40 మిల్లీమీటర్ల రెక్కలు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎల్ యాంగిల్. ఆరడుగులవి రెండు. కొత్తది 20 అడుగుల నిడివిలో వస్తుంది, అంత అక్కర్లేదు కాబట్టి కోత ముక్కల కుప్పలో వెతికాం. మీటరుకు కిలో ఎనిమిది వందల గ్రాముల లెక్కన రెండూ కలిపి ఆరున్నర కిలోల పైచిలుకు తూగాయి.

ముక్క ఎంచడం పిల్లకు నేర్పాను. ఒక కన్ను మూసి, తుపాకీ గురి చూసినట్టు అంచు వెంట చూడాలి. వంపు ఉంటే అక్కడ వెలుగు వంగుతుంది. తరువాత చదునైన గచ్చు మీద పెట్టి రెండు చివర్లూ ఒకదాని తరువాత ఒకటి నొక్కాలి. ఎదురు మూల లేస్తే మెలి ఉన్నట్టు. వంపును సుత్తితో సరిచేయవచ్చు, మెలిని సరిచేయడం మన పెరటి పని కాదు. ఐదు ముక్కలు తిరస్కరించాక ఆరోదీ ఏడోదీ తీసుకుంది. దుకాణదారు విసుక్కోకుండా "మీ శిష్యురాలా సార్?" అన్నాడు.

మే 12, సోమవారం

నాలుగు రోజులుగా చేస్తున్న పని ఒక్కటే, ఆకురాయి. ఈ పెట్టెలో చెక్కపని రెండు పూటల్లో అయిపోయింది, అంచు మాత్రం నాలుగు పొద్దులు తీసుకుంది. నా మట్టుకు తక్కిన ఆరడుగులూ ఈ అంచును మోయడానికే ఉన్నాయి.

మిల్లులోంచి వచ్చిన యాంగిల్ బయటి మూల చేతికి మొండిగానే తగులుతుంది కానీ, దాని మీద పొలుసు ఉంటుంది, అక్కడక్కడ గాట్లుంటాయి. కోసిన చివర్లలో ఇనుము రేకు లేచి బ్లేడులా ఉంటుంది. మోకాలు దాని మీద పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకని మొదట నాలుగు చివర్లనూ బొటనవేలి గోరంత గుండ్రంగా రాశాను. పిల్ల వేలితో తడిమి, ఎక్కడా గీరుకోలేదని ఒప్పుకున్నాకే రెండో పని మొదలుపెట్టాను.

రెండో పని అంచు గుండ్రదనం. ఇక్కడ మాకు వాదన వచ్చింది. అంచు మరీ పదునుగా ఉంటే ట్రక్కు లోహం దాన్ని కొరుక్కుని ఒక్కసారిగా ఆగిపోతుంది, మనిషి ముందుకు పడతాడు. మరీ గుండ్రంగా ఉంటే పట్టు లేక బోర్డు పక్కకు జారిపోతుంది. మధ్యలో ఎక్కడ? నాకు తోచిన మార్గం రెండు అంచుల పెట్టెకు రెండు రకాల అంచులు పెట్టడం. ఒకదాన్ని 2 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో, ఇంకోదాన్ని 4 మిల్లీమీటర్లతో గుండ్రం చేసి, ఏది బాగుందో ఆడేవాళ్లనే తేల్చమన్నాను.

ఆకురాయిని అంచుకు అడ్డంగా ఊపుతూ, ప్రతి తోపులో పిడిని కొంచెం కొంచెం దించుతూ రాస్తే చదరపు మూల గుండ్రమవుతుంది. మొదట 45 డిగ్రీల వాలులో సన్నటి చదును ఏర్పడుతుంది. దానికి అటూ ఇటూ రెండు మూలలు పుడతాయి, వాటినీ చదును చేస్తే నాలుగు పుడతాయి, ఆ తరువాత కంటికి మూలలు కనిపించవు, వేలికి మాత్రం తెలుస్తాయి. చివరికి ఎమిరీ గుడ్డను బెల్టులా పట్టి షూ పాలిష్ చేసినట్టు లాగాలి. గుండ్రదనం కొలిచే రేడియస్ గేజి పెట్టి వెలుగుకు ఎత్తి చూసినప్పుడు, కిందినుంచి వెంట్రుకంత సందు కూడా కనిపించకపోతే ఆ అంగుళం అయినట్టు. అలాంటి అంగుళాలు 144. పిల్ల మొదటి రోజు పది అంగుళాలు చేసి చేతులు బొబ్బలెక్కాయంది. రెండో రోజు గుడ్డ చుట్టుకుని మళ్లీ వచ్చింది. ఆకురాయిని వెనక్కి తెచ్చేటప్పుడు ఒత్తకూడదని, పళ్లు ముందుకే కోస్తాయని నేను నోటితో చెప్పకముందే చప్పుడు తేడాను బట్టి కనిపెట్టింది.

రంధ్రాలు ఒక్కో రెక్కకు ఏడు. పై రెక్క రంధ్రాలూ పక్క రెక్క రంధ్రాలూ ఎదురెదురుగా రాకుండా చూసుకోవాలి, లేకపోతే లోపల స్క్రూలు ఒకదాన్నొకటి పొడుస్తాయి. ప్రతి రంధ్రానికీ స్క్రూ తల మునిగేలా కౌంటర్‌సింక్ వేశాను. మూడు మిల్లీమీటర్ల మందంలో 8వ నంబరు తల మునగడానికి చోటు సరిగ్గా సరిపోతుంది, ఒక్క గీత కూడా ఎక్కువ లోతు పోకూడదు. తల పైకి ఉంటే చక్రమో ట్రక్కో దానికి తగులుకుంటుంది. మరీ లోతుగా పోతే ఇనుములో రంధ్రమే పెద్దదై స్క్రూ తల జారిపోతుంది. ఒక చివరి రంధ్రాన్ని మాత్రం గుండ్రంగా వేసి, మిగతావాటిని పొడవు వెంట సన్నటి ఆకురాయితో కాస్త కోలగా సాగదీశాను. ఆరడుగుల ఇనుము 30 డిగ్రీల తేడాకు అర మిల్లీమీటరుకు పైగా సాగుతుంది. తెల్లవారి చల్లదనానికీ మధ్యాహ్నపు ఎండలో కాలిన ఇనుముకూ మన ఊళ్లో తేడా అంతకు తగ్గదు. సాగడానికి చోటు ఇవ్వకపోతే ఆ బరువంతా స్క్రూల మీద పడుతుంది.

మే 15, గురువారం

యాంగిళ్లు ముప్పావు అంగుళం స్క్రూలతో బిగించాం. ఇప్పుడు పైపలక మీద ఇనుము 3 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంది. చక్రం దానికి తట్టుకుంటుంది కాబట్టి రెండు యాంగిళ్ల మధ్యా 4 మిల్లీమీటర్ల ప్లై పరిచి అతికించి, రాత్రంతా ఇటుకలు పేర్చి ఉంచాం. 3 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డు అయితే కొలత సరిపోయేది కానీ, వానకు తడిస్తే అది ఉబ్బుతుంది. ఈ ఇంట్లో ఇక ఉబ్బే సామానుకు చోటు లేదు. పొద్దున మిగిలిన ఒక మిల్లీమీటరు గట్టును చిత్రికతో వాలుగా చెక్కేశాం. చక్రాన్ని వేలితో దొర్లించి చూస్తే సందు దగ్గర చప్పుడు మారుతోంది, చక్రం మాత్రం ఆగడం లేదు.

ఇనుముకు రెడాక్సైడ్, దాని మీద ఆకుపచ్చ ఎనామెల్. చెక్కకు రెండు పూతలు వార్నిష్. అడుగు అంచులకు, కోసిన చోట్ల పొరలు కనిపించేచోట మూడోది. రంగు ఎంచింది మా ఆవిడ.

మే 18, ఆదివారం

మొదటి ప్రయత్నం. హెల్మెట్టు, మోకాలి చిప్పలకూ మోచేతులకూ కవచాలు పెట్టుకోనిదే పెట్టె దగ్గరికి రానివ్వనన్నాను. గొణుగుతూ పెట్టుకుంది.

నాలుగోసారికి బోర్డు అంచు మీదికి ఎక్కింది. ఎక్కగానే పెట్టే జానెడు ముందుకు జరిగింది, పిల్ల వెనక్కి కూర్చుంది. పెట్టె ఒక చివరను స్నానాల గది తూకం మిషన్ మీద ఎత్తి పెట్టి చూస్తే 14 కిలోలు చూపింది. రెండు చివర్లూ ఒకేలా ఉన్నాయి కనుక మొత్తం 28 కిలోలు. నున్నటి గచ్చు మీద అది చాలదు. పైగా అడుగు తెరిచి ఉన్న బోలు పెట్టె కాబట్టి, బోర్డు దిగిన ప్రతిసారీ డప్పు కొట్టినట్టు మోగుతోంది. మధ్యాహ్నం రెండు గంటలకు పక్కింటి పెద్దాయన గోడ మీదినుంచి తల పెట్టి, "మాస్టారూ, ఊరేగింపు ఎప్పుడు బయలుదేరుతుంది?" అని చాలా మర్యాదగా అడిగాడు.

రెండింటికీ మందు ఒకటే దొరికింది. పెట్టెను బోర్లించి, కోతలో మిగిలిన పట్టీలతో అడ్డపలకల మధ్య రెండు గదులకు అడుగు కట్టి, ఒక్కోదాంట్లో 15 కిలోల కృష్ణా ఇసుక మూటకట్టి పెట్టాం. పెట్టె అడుగు అంచులకు పాత లారీ ట్యూబు రబ్బరును కోసి మేకులతో కొట్టాం. ఇప్పుడు పెట్టె కదలడం లేదు. చప్పుడు ఢమఢమ నుంచి తలుపు మూసినంతకు తగ్గింది. ఇసుక మూటలు బయటికి తీసుకోవచ్చు కనుక ఇద్దరం పట్టుకుంటే పెట్టె గోడవారకు చేరుతుంది. రెండు నుంచి నాలుగు దాకా ఆట బంద్ అని కూడా ఒప్పందం కుదిరింది.

మే 25, ఆదివారం

రోహిణి కార్తె ఈ రోజే మొదలు. రోళ్లు పగిలే కార్తెలో ఇనుప అంచు సంగతి అడగనే అక్కర్లేదు. పదకొండు గంటలకు చెయ్యి పెట్టి తీసేశాను.

బోర్డు బాగా జారడానికి అంచుకు మైనం రాస్తారట. కరెంటు పోయినప్పటికని దాచిన కొవ్వొత్తి తీసి పిల్ల మొన్నామధ్య మిట్టమధ్యాహ్నం అంచు పొడవునా రాసింది. రాసినది రాసినట్టే కరిగి నూనెలా పారి, పక్క పలక మీదికి కారింది. కారినచోట దుమ్ము పట్టి, సాయంత్రానికి అంచు మీద నల్లటి ముద్ద తయారైంది. మైనంలో ఇసుక కలిస్తే అది సానబట్టే మసాలాయే. ట్రక్కు జారడం మానేసి గరగరలాడింది. కిరసనాయిలు గుడ్డతో అంతా తుడిచి, మళ్లీ మర్నాటి పొద్దున ఆరింటికి, ఇనుము చల్లగా ఉన్నప్పుడు, రెండు గీతలు మాత్రమే రాసి చేత్తో రుద్దాం. ఇక రోజూ అదే వేళ. స్క్రూలు కూడా ఆ పూటే ఒకసారి తడిమి చూస్తున్నాను. కోల రంధ్రాల దగ్గర ఒక్కటీ వదులు కాలేదు, ఈ మాట రాసుకోవడం నాకు ఇష్టంగా ఉంది.

అంచుల పోటీ కూడా తేలింది. బోర్డు అడ్డంగా తిరిగి చెక్క పొట్ట మీద జారేటప్పుడు 4 మిల్లీమీటర్ల అంచు మెత్తగా ఉందంటుంది. ట్రక్కుల మీద గ్రైండ్ చేసేటప్పుడు మాత్రం 2 మిల్లీమీటర్లదే. ట్రక్కు అక్కడ "కూర్చుంటుంది" అట. మొదట ఒకే కొలత పెట్టి ఉంటే ఈ తేడా మాకు తెలిసేది కాదు.

మే 29, గురువారం

ఎల్లుండి రైలు. పీట కింద పెట్టి 9 అంగుళాలకు ఎత్తే అవసరం ఈ సెలవుల్లో రాలేదు. అది గోడకు ఆనించి ఉంది.

సాయంత్రం పిల్ల స్నానానికి వెళ్లాక స్టీలు స్కేలు తీసుకుని పెట్టె దగ్గర కూర్చున్నాను. 2 మిల్లీమీటర్ల అంచు మీద ఆకుపచ్చ రంగు మధ్యలో లేచిపోయి, దాని స్థానంలో వెండిరంగు గీత పడింది. ట్రక్కు అల్యూమినియం, యాంగిల్ ఉక్కు. మెత్తని లోహం అరిగి గట్టిదాని మీద పూతలా అంటుకుంటుంది. గోరుతో గీకితే పొడిలా రాలుతోంది. గీత మొదట్లో ముక్కలు ముక్కలుగా, నాలుగేసి అంగుళాలుగా ఉంది, అవి మొదటి వారానివి అయివుంటాయి. మధ్యలోది ఎక్కడా తెగకుండా సాగింది. కొలిచి చూస్తే 2 అడుగుల 3 అంగుళాలు. పెన్సిలుతో పక్క పలక మీద రెండు చివర్లూ గుర్తు పెట్టి, తేదీ వేశాను.